దంత చికిత్సలో మందుల జాగ్రత్త: హఫర్ అల్ బాతిన్

దంత వైద్యుడు తన చేత్తో ఇచ్చే మందులు లెక్కకు చాలా తక్కువ. మొద్దుబారేందుకు ఒక సూది, నొప్పికి మాత్ర, చీముకు యాంటీబయాటిక్, నోటి పూతకు జెల్, పుక్కిలించడానికి ఒక సీసా. చిక్కంతా ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అప్పటికే మింగుతున్న మందులతో వస్తుంది. షుగర్‌కు, బీపీకి, గుండెకు, కీళ్లకు వేరే వైద్యులు ఎప్పుడో రాసిన మాత్రలు ఒంట్లో పనిచేస్తూనే ఉంటాయి. వాటికీ కొత్త మందుకూ పొసగకపోతే పంటి నొప్పి తగ్గుతుందేమో గానీ రక్తం ఆగదు, లేదా షుగర్ పడిపోతుంది, లేదా మూత్రపిండాలు దెబ్బతింటాయి. తెలుగులో ‘ఆ మందు నాకు పడదు’ అంటాం. అలర్జీకీ అదే మాట, రెండు మందులకు పొసగకపోవడానికీ అదే మాట. వైద్యానికి ఇవి రెండు వేరు సంగతులు. రెండూ విడివిడిగా అడిగి తెలుసుకోవలసినవే.

సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో, కువైట్, ఇరాక్ సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఎడారి నగరం హఫర్ అల్ బాతిన్‌లో ఇలా అడిగి తెలుసుకోవడం అంత తేలిక కాదు. హఫర్ అంటే తవ్వినది, బాతిన్ అక్కడి లోయ పేరు. బస్రా నుంచి మక్కాకు పోయే యాత్రికుల దారిలో 7వ శతాబ్దంలో అబూ మూసా అల్ అష్అరీ బావులు తవ్వించాడనీ, ఊరికి ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. 1950లో పూర్తయిన ట్రాన్స్ అరేబియన్ పైప్‌లైన్ పక్కనున్న ఖైసూమా మీదుగా సాగింది. కింగ్ ఖాలిద్ మిలిటరీ సిటీ కూడా ఈ చుట్టుపక్కలే. 2014లో ఇక్కడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కింగ్ ఖాలిద్ జనరల్ హాస్పిటల్ ఊళ్లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒకటి. సైనికులు, పశువుల కాపరులు, డ్రైవర్లు, కట్టడాల కూలీలు, దుకాణాల్లో పనివాళ్లు కలిసి బతికే ఊరు.

గల్ఫ్‌కు తెలుగువాళ్ల వలస ముఖ్యంగా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపుల నుంచి. ఇలాంటి సరిహద్దు ఊళ్లలో వైద్యం నాలుగు భాషల మధ్య నడుస్తుంది. రోగి మనసులో తెలుగు, నోట్లో వచ్చీరాని హిందీ. వైద్యుడు ఈజిప్టు వాడో, సిరియా వాడో, సూడాన్ వాడో కావచ్చు, నర్సు మలయాళీయో ఫిలిప్పీన్సు ఆమెనో కావచ్చు. మందుల చీటీ ఇంగ్లీషులో, దుకాణం బోర్డు మీద ‘సైదలియా’ అని అరబీలో. కొత్తగా వచ్చినవాళ్లు ముందు నేర్చుకోవలసిన మాటలు కొన్నే: షుగర్‌ను ‘సుక్కర్’, బీపీని ‘దగ్త్’, రక్తాన్ని ‘దమ్’, అలర్జీని ‘హసాసియా’, గర్భిణిని ‘హామిల్’ అంటారు. ఈ అయిదు మాటలూ వస్తే సగం ప్రమాదం తప్పినట్టే.

మిగతా సగం ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన మనిషి ఆ సంచిని బల్ల మీద బోర్లిస్తే రాలేవి కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. ఎర్ర మాత్ర పొద్దున, తెల్లది రాత్రి. ఇంతే అతనికి తెలిసింది. వాటి పేరు అడిగితే ‘బీపీ గోలీ’ అంటాడు. స్ట్రిప్పును వెనక్కి తిప్పండి. పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు, అది దేశం మారితే మారిపోతుంది. దాని కిందో పైనో చిన్న అక్షరాల్లో ఉన్నది మందు అసలు పేరు: టెల్మిసార్టాన్, గ్లిమెపిరైడ్, క్లోపిడోగ్రెల్. ఈ పేరు హైదరాబాద్‌లోనూ హఫర్‌లోనూ ఒకటే. తెలుగు రోగికీ అరబ్బు వైద్యుడికీ మధ్య నిజంగా ఉన్న ఉమ్మడి భాష ఆ చిన్న అక్షరాలే. స్ట్రిప్పును కత్తెరతో ముక్కలు చేసేటప్పుడు మొదట పోయేదీ అదే.

పేర్ల తికమక ఎంత దూరం తీసుకెళ్తుందో పారాసెటమాల్ ఒక్కటి చూస్తే చాలు. ఇంటి నుంచి తెచ్చుకున్నది డోలో 650, సౌదీ దుకాణంలో ఇచ్చేది పనడాల్ లేదా ఫెవడాల్, జలుబుకని కొన్న మాత్రలోనూ అదే ఉండవచ్చు. మూడూ వేర్వేరు మందులనుకుని మూడూ మింగేవాళ్లు ఉంటారు. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములవుతుంది. పంటి నొప్పితో రెండు రాత్రులు నిద్ర లేనివాడు లెక్క పెట్టుకుంటూ మింగడు. దెబ్బ తగిలేది కాలేయానికి.

రక్తాన్ని పలచన చేసే మందులు

దంత వైద్యంలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన చోటు ఇది. గుండెలో లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు వార్ఫరిన్ వాడతారు. మన దగ్గర చాలామందికి రాసేది దాని దాయాది అసెనోకుమరాల్, అసిట్రోమ్ అన్న పేరుతో తెలిసినది. కొడుకును చూడడానికి విజిట్ వీసా మీద వచ్చిన తల్లి సంచిలో అసిట్రోమ్ ఉంటే, ఆ పేరు అక్కడి దంత వైద్యుడికి కొత్తగా అనిపించవచ్చు. అసలు పేరు చదివితే క్షణంలో అర్థమవుతుంది.

వార్ఫరిన్ కథ పశువుల నుంచి మొదలైంది. అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం కారి చనిపోతుంటే, విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం కారణం వెతికి డైకుమరాల్‌ను పట్టుకుంది. అదే కుటుంబానికి చెందిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. మోతాదు కాస్త పెరిగితే రక్తస్రావం, కాస్త తగ్గితే గడ్డకట్టడం. ఆ సన్నని దారిని ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో కొలుస్తారు.

పన్ను తీయించుకోవాలంటే వారం ముందు ఈ మందు ఆపేయాలన్న మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతుంది. అది పాత మాట, ప్రమాదకరమైన మాట. పన్ను తీసిన గుంటలో రక్తం కారితే కళ్ల ముందు కనబడుతుంది, నొక్కి పట్టుకుని ఆపవచ్చు. మందు ఆపినందుకు మెదడులో గడ్డకడితే చెయ్యి పెట్టి ఆపగలిగేది లేదు. స్కాట్లండ్ దంత వైద్య మార్గదర్శకాల ప్రకారం, చికిత్సకు ముందు 24 గంటల్లో, పరీక్ష ఫలితాలు నిలకడగా ఉండేవాళ్లకైతే 72 గంటల్లో చూసిన ఐఎన్ఆర్ 4 కంటే తక్కువగా ఉంటే మందు ఆపకుండానే మామూలు పళ్లు తీయవచ్చు. తీశాక గుంటలో రక్తాన్ని పట్టే జెలటిన్ స్పాంజి పెట్టి, కుట్టు వేసి, మడిచిన గాజ్ గుడ్డను గట్టిగా కొరికి పట్టుకోమంటారు. చూద్దామని రెండు నిమిషాలకోసారి గుడ్డ తీస్తే గడ్డ నిలవదు. ఆ రోజంతా పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. రోగిని పొద్దుటి పూటే పిలవడం మంచిది, రక్తం మళ్లీ కారినా ఆసుపత్రి తెరిచి ఉండగానే రావచ్చు.

ఏపిక్సబాన్, డాబిగట్రాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మందులకు ఐఎన్ఆర్ పనికిరాదు. రక్తం ఎక్కువ పోయే పని అయితే రోజుకు రెండుసార్లు వేసుకునే వాటిలో ఆ పొద్దుటి మోతాదు వదిలేయమంటారు, రోజుకొకసారి పొద్దున వేసుకునేదైతే ఆలస్యంగా వేసుకోమంటారు. ఎవరికి ఏది అన్నది ఆ మందు రాసిన వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవాలి. గుండెలో స్టెంట్ వేయించుకున్నవాళ్ల ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ను దంత వైద్యుడు తనంత తాను ఆపించకూడదు.

పన్ను సజావుగా తీసినా ప్రమాదం ఆ తర్వాతి చీటీలో ఉండవచ్చు. చిగుళ్ల చీముకు మెట్రోనిడజోల్ మామూలుగా రాస్తారు. కాలేయంలో వార్ఫరిన్‌ను విరిచే ఎంజైమును అది అణచివేస్తుంది. మోతాదు పెంచకుండానే ఒంట్లో వార్ఫరిన్ పెరిగిపోతుంది. ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్ కూడా ఆ దారిలోనివే. అందరూ ఏమరుపాటున ఉండేది మైకొనజోల్ నోటి జెల్ విషయంలో. కట్టుడు పళ్ల కింద తెల్లపూతకు రాసుకునే పూతమందే కదా అనుకుంటాం. నోట్లో పూసినది మింగుడుపడి రక్తంలో చేరుతుంది. చీటీ లేకుండా అమ్మే ఈ జెల్‌ను వార్ఫరిన్ వాడేవాళ్లకు ఇవ్వకూడదని 2017లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది. అలాంటివాళ్లకు నిస్టాటిన్ క్షేమం, అది పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు.

వెల్లుల్లి గుళికలు, జింకో, ఎక్కువ మోతాదులో పసుపు మాత్రలు కూడా రక్తం గడ్డకట్టడం మీద ప్రభావం చూపవచ్చు. ‘మందులు ఏమైనా వాడుతున్నారా’ అంటే వీటి పేరు ఎవరూ చెప్పరు, ఎందుకంటే మన దృష్టిలో అవి మందులు కావు. విడిగా అడగాలి.

నొప్పి మాత్రలూ ఎడారి ఎండా

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు సౌదీలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. హఫర్‌లో వేసవి వేడి 45 డిగ్రీలు దాటడం మామూలే. చెమటతో ఒంట్లో నీరు పోయిన మనిషి బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాడనుకోండి. మొదటిది మూత్రపిండంలో వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది, రెండోది నీటిని బయటికి పంపుతుంది. ఆ స్థితిలో మూత్రపిండం తన రక్తప్రవాహాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల సాయంతో నిలబెట్టుకుంటుంది. పంటి నొప్పికి వేసుకున్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ సరిగ్గా ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపుతాయి. మూడు మందులూ విడివిడిగా మంచివే. మూడూ ఎండలో కలిస్తే మూత్రపిండాలు హఠాత్తుగా చతికిలబడవచ్చు. ఇలాంటివాళ్లకు దంత వైద్యుడు పారాసెటమాల్‌తో మొదలుపెట్టడం, నీళ్లు బాగా తాగమని చెప్పడం తెలివైన పని.

మన దగ్గర నీళ్లలో కరిగించి తాగే కీటోరాల్ డీటీకి పంటి నొప్పి మందుగా పెద్ద పేరు. అందులోని కీటోరొలాక్ బలమైనదే. అయిదు రోజులు దాటి వాడకూడదు, ఆస్పిరిన్‌తో గానీ మరో నొప్పి మాత్రతో గానీ కలపకూడదు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ముట్టకూడదు. ఊరి నుంచి పది స్ట్రిప్పులు తెచ్చుకుని గదిలో అందరికీ పంచడం స్నేహంతోనే చేస్తారు. కానీ పక్క మంచం మీద పడుకునే మనిషి ఏ మందులు వాడుతున్నాడో పంచేవాడికి తెలియదు. గుండెకు రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లకు ఐబూప్రొఫెన్ మరో విధంగా చేటు: ఆస్పిరిన్ పట్టుకోవలసిన చోటును ముందే ఆక్రమించి దాని రక్షణను తగ్గిస్తుంది. గర్భిణులు 20 వారాల తర్వాత ఐబూప్రొఫెన్ కోవ మాత్రలకు దూరంగా ఉండాలి.

యాంటీబయాటిక్ నొప్పి మందు కాదు

పిప్పి పన్ను లోపలి నరం వాచి పొడిచే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా తీయాలి. వాపు ముఖంలోకి పాకినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, నోరు తెరవలేనప్పుడు ఆ మందుకు పని ఉంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న నిబంధనను సౌదీ 2018 నుంచి గట్టిగా అమలు చేస్తోంది. భారతదేశంలో అలాంటివే షెడ్యూల్ హెచ్1 నియమాలు 2014 మార్చి నుంచి ఉన్నాయి. దుకాణంలో అడిగితే ఇవ్వరని విసుక్కునే మనవాళ్లు, ఊరి నుంచి వచ్చే స్నేహితుడి చేత అమాక్సిసిలిన్ తెప్పించుకుంటారు. నిబంధన కాపాడదలచింది వాళ్లనే.

మన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఈ సందర్భంలో తలుచుకోవలసిందే. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించినప్పుడు టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను అక్కడ బెంజమిన్ డగ్గర్ వెలికితీశాడు. మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. రెండూ ఇప్పటికీ దంత వైద్యుడు జాగ్రత్తగా చూసే మందులు. టెట్రాసైక్లిన్ జాతి మందు పాలలోని కాల్షియంతో ముడిపడిపోయి పేగుల్లో ఇంకదు. గ్లాసు లబన్ (మజ్జిగ)తోనో ఒంటె పాలతోనో మాత్ర మింగితే మందులో కొంత వృథా. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు అసలే ఇవ్వరు, ఎదిగే పళ్లకు మచ్చలు పడతాయి. కీళ్లవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకు అమాక్సిసిలిన్, నొప్పి మాత్రలు తోడైతే అది మూత్రంలో బయటికి పోవడం నెమ్మదించి విషమవుతుంది. వారం మాత్రను రోజూ వేసుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం.

క్లారిత్రోమైసిన్ కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్‌తో కలిస్తే కండరాలు కరిగిపోవచ్చు, గౌట్ మందు కోల్చిసిన్‌తో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. ముఖంలో కరెంటు కొట్టినట్టు వచ్చే నరాల నొప్పిని చాలామంది పంటి నొప్పి అనుకుంటారు. దానికి ఇచ్చే కార్బమజపిన్ కూడా ఈ యాంటీబయాటిక్‌తో ఒంట్లో పెరిగిపోతుంది. గర్భనిరోధక మాత్రలను అమాక్సిసిలిన్ దెబ్బతీస్తుందన్న పాత భయాన్ని మాత్రం ఇప్పటి మార్గదర్శకాలు పక్కన పెట్టాయి. అలాంటి చేటు చేసేది ముఖ్యంగా రిఫాంపిసిన్, అది క్షయ మందు.

షుగర్, రంజాన్

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేసుకునేవాళ్లకు ఫ్లూకొనజోల్‌గానీ క్లారిత్రోమైసిన్‌గానీ ఇస్తే షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. పన్ను తీశాక నోరు నొప్పిగా ఉండి అన్నం తినకుండా మాత్ర మాత్రం వేసుకునేవాళ్లకూ ఇదే జరుగుతుంది. చెమటలు, వణుకు, తికమక. కుర్చీలో మనిషి అలా అయితే భయంతో కళ్లు తిరిగాయనుకోకుండా వెంటనే వేలు గుచ్చి చూడాలి. స్పృహ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి.

రంజాన్ నెలలో లెక్క మారుతుంది. ఉపవాసం ఉన్న షుగర్ రోగిని సాయంత్రం ఇఫ్తార్‌కు గంట ముందు కుర్చీలో కూర్చోబెడితే పడిపోయే అవకాశం ఎక్కువ, ఇఫ్తార్ అయ్యాక పిలవడం మేలు. ఎనిమిది గంటలకోసారి వేసుకోవలసిన మందు కుదరదు కాబట్టి రోజుకు రెండుసార్లు సరిపోయే మందు ఉంటే ఇఫ్తార్‌కు, తెల్లవారుజామున సహర్‌కు అమర్చవచ్చు. ఏమీ మింగకపోతే పన్ను తీయించుకోవడం, తొలిపించుకోవడం, శుభ్రం చేయించుకోవడం వల్ల ఉపవాసం చెడదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997 జెద్దా సమావేశంలో తీర్మానించింది. ఈ సంగతి తెలియక నెలంతా వాపుతో ఓర్చుకునేవాళ్లకు వైద్యుడు నెమ్మదిగా చెప్పాలి, తుది నిర్ణయం వాళ్లకే వదిలేయాలి.

మొద్దుబారే సూది

1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేసిన లిడొకెయిన్ ఇప్పటికీ ఎక్కువగా వాడేది. 2 శాతం మందున్న 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 36 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలోకు 4.4 మిల్లీగ్రాముల జాగ్రత్త లెక్కన 70 కిలోల మనిషికి ఎనిమిది దాకా సరిపోతాయి. 15 కిలోల పిల్లకు అదే లెక్క 66 మిల్లీగ్రాములు, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లు కూడా నిండవు. పిల్లల విషయంలో ప్రమాదాలు ఇలా బరువు చూడకపోవడం వల్లే వస్తాయి.

మందు అక్కడే నిలిచి ఉండేందుకు, రక్తం తక్కువ కారేందుకు అందులో అడ్రినలిన్ కలుపుతారు. లక్షకు ఒక పాలు కలిపిన కార్ట్రిడ్జ్‌లో అది 18 మైక్రోగ్రాములు. తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్లకు 40 దాటకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న హద్దు, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లు. ప్రొప్రనొలాల్ వేసుకునేవాళ్లలో అదే అడ్రినలిన్ బీపీని ఒక్కసారిగా పైకి లేపి గుండె వేగాన్ని తగ్గించగలదు. సూది గుచ్చాక ముందు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి, తర్వాత నెమ్మదిగా ఎక్కించాలి. ఈ రెండు చిన్న పనులే సగం కాపాడతాయి.

తూర్పు సౌదీలో, ముఖ్యంగా ఖతీఫ్, అల్ అహ్సా ప్రాంతాల్లో, జీ6పీడీ ఎంజైము లోపం, సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ప్రిలొకెయిన్, ఎక్కువ మోతాదు ఆస్పిరిన్ మంచివి కావు. అక్కడ పనిచేసే మన దంత వైద్యులు ఈ ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవాలి. సూదిమందులోని అడ్రినలిన్ వేడికి చెడిపోతుంది. ఎండలో నిలబడిన కారులో ఉన్న పెట్టెను నమ్మకూడదు.

పంటి వైద్యుడు ఇచ్చిన మందులే కాదు, వేరేవాళ్లు ఇచ్చినవి నోట్లో కనబడే సందర్భాలూ ఉన్నాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ చిగుళ్లను ఉబ్బిస్తాయి. ఎముకలు గుల్లబారకుండా వాడే అలెండ్రొనేట్, జోలెడ్రొనేట్ వాడేవాళ్లలో పన్ను తీశాక దవడ ఎముక మానకుండా బయటపడవచ్చు. ఈ కుటుంబపు మందులతో ఇలా జరుగుతుందని 2003లో రాబర్ట్ మార్క్స్ మొదటగా చెప్పాడు. అలాంటి మందు మొదలుపెట్టే ముందే పళ్ల పని పూర్తి చేయించుకోవాలి.

సరిహద్దు దాటే మందులు

గసగసాలు సౌదీకి తీసుకెళ్లకూడదని మనవాళ్లలో చాలామందికి తెలుసు. మందుల సంగతి మాత్రం అంతగా తెలియదు. ట్రమడాల్, కోడీన్, ప్రిగాబలిన్ అక్కడ నియంత్రిత మందులు. భారతదేశమూ 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. పంటి నొప్పికో నడుం నొప్పికో ఊళ్లో రాసిన స్ట్రిప్పు విమానాశ్రయంలో కేసు కావచ్చు. వైద్యుడి చీటీ, అసలు పేర్లతో రాసిన ఉత్తరం, సౌదీ ఆహార ఔషధ సంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి. 2003లో ఏర్పడిన ఆ సంస్థకు మందు వికటించిన సంగతిని 19999 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఆరోగ్య సలహాకు 937 ఉంది. భారతదేశంలో మందుల చేటు నమోదు చేసే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, దాని నంబరు 1800-180-3024.

హఫర్‌కు బయలుదేరేవాళ్లు సంచి సర్దుకునేటప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. స్ట్రిప్పులను కత్తిరించకుండా పెట్టెతో సహా ఉంచుకోవాలి. ఒక్కొక్క మందు అసలు పేరు, మోతాదు, ఏ జబ్బుకు, ఎప్పటి నుంచి అన్నది ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒక కాగితం మీద రాసి, పడని మందు పేరును పైన ఎర్రగా రాసి, ఫొటో తీసి ఫోనులో పెట్టుకోవాలి. కాగితాన్ని ఇక్కామా (నివాస అనుమతి) కార్డు వెనక మడిచి పెట్టుకుంటే కుర్చీలో నోరు మొద్దుబారి మాట రానప్పుడు కూడా చూపించవచ్చు.